నెల రోజుల్లో ఇంగ్లీషులో పేపర్ ప్రెజెంట్ చేయాలి, ఏం చేయను?

ప్రశ్న: నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇప్పుడు పర్యావరణ రసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ నాలుగో ఏడు. మాది నల్గొండ జిల్లా, నా పని కూడా తాగునీటిలోంచి ఫ్లోరైడ్ తీసేసే ఒక పదార్థం మీదే. వచ్చే నెల విదేశంలో జరిగే సదస్సులో మాట్లాడాలి. 12 నిమిషాలు ప్రెజెంటేషన్, 3 నిమిషాలు ప్రశ్నలు. మొన్న డిపార్ట్‌మెంట్‌లో రిహార్సల్ పెట్టారు. స్క్రిప్టు మొత్తం బట్టీపట్టి వెళ్ళాను. నాలుగో స్లైడు దగ్గర ఒక వాక్యం మర్చిపోయాను, ఆ తర్వాత నోరు పెగల్లేదు. ఒక సార్ ప్రశ్న అడిగితే అర్థం కాకపోయినా ‘యెస్ సర్’ అనేశాను. మా గైడ్ ‘ఇంగ్లీష్ ఇంప్రూవ్ చేసుకో’ అన్నారు. స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సులో చేరనా? అసలు నెల రోజుల్లో అయ్యే పనేనా? అక్కడ అందరూ నవ్వుతారేమోనని ఒకటే టెన్షన్.

సమాధానం: చేరొద్దు, కనీసం ఈ నెలలో వద్దు. ఆ కోర్సుల్లో ఎక్కువగా నేర్పేది ఇంటర్వ్యూలో ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ అంటే ఏం చెప్పాలి, ఫోన్‌లో ఎలా పలకరించాలి లాంటివి. మీకు కావాల్సింది వేరే. తెర మీద గ్రాఫు పెట్టుకుని దాన్ని నోటితో ఎలా వివరించాలి, ‘నీళ్ళలో బైకార్బొనేట్ ఎక్కువుంటే మీ పదార్థం పనిచేస్తుందా’ అని ఎవరైనా నిలదీస్తే ఏం చెప్పాలి, ఇవి అక్కడ దొరకవు. నెల రోజుల్లో ఇంగ్లీషు మీద పట్టు రాదు గానీ 12 నిమిషాల మీద పట్టు తప్పకుండా వస్తుంది, అదీ మీరు నాలుగేళ్ళుగా రోజూ చేస్తున్న పని గురించే కాబట్టి.

మీ ఉత్తరం చదివితే గైడ్ గారు చెప్పింది సగమే నిజమనిపిస్తోంది. మీరు ఆగిపోయింది బట్టీ వల్ల. పద్యంలో ఒక పాదం మర్చిపోతే మళ్ళీ మొదటి నుంచి అందుకోవాల్సి వచ్చినట్టు, బట్టీపట్టిన స్క్రిప్టులో ఒక వాక్యం జారితే తర్వాతది ఎక్కడుందో దొరకదు. పైగా మీరు బట్టీపట్టినవి బహుశా మీ పేపర్లోంచి తీసుకున్న వాక్యాలే అయి ఉంటాయి. ‘ఇన్ ది ప్రెజెంట్ ఇన్వెస్టిగేషన్, యాన్ అటెంప్ట్ హాజ్ బీన్ మేడ్ టు ఎవాల్యుయేట్ ది ఎఫికసీ ఆఫ్’ అంటూ మొదలయ్యే వాక్యాన్ని ఇంగ్లీషు వాళ్ళు కూడా ఒక్క ఊపిరిలో చెప్పలేరు, చెప్పినా వినేవాళ్ళకు చివరికొచ్చేసరికి మొదలు గుర్తుండదు. అదే మాటను ‘వి టెస్టెడ్ దిస్ మెటీరియల్ ఆన్ రియల్ వెల్ వాటర్’ అని చూడండి. చిన్న వాక్యం, కర్త ఎవరో తెలుస్తోంది, మర్చిపోయినా ఇంకోలా చెప్పుకోవచ్చు. మాంచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళ అకడెమిక్ ఫ్రేజ్‌బ్యాంక్ అని ఒకటి నెట్‌లో ఉచితంగా ఉంది, పరిశోధక విద్యార్థులు చాలామంది వాడతారు, థీసిస్ రాయడానికి చాలా బాగుంటుంది. దాన్ని ఇక్కడ మాత్రం ముట్టుకోవద్దు, అందులోవి చేత్తో రాయడానికి పనికొచ్చే వాక్యాలు.

మొట్టమొదట చేయాల్సిన పని ఇంగ్లీషులో కాదు. ఇంట్లో ఎవరినైనా, అమ్మనో మేనమామనో, ఎదురుగా కూర్చోబెట్టి మీరు నాలుగేళ్ళుగా ఏం చేస్తున్నారో రెండు నిమిషాల్లో తెలుగులో చెప్పండి. మీ జిల్లాలో ఫ్లోరైడ్ అంటే ఏమిటో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు, గార పట్టిన పళ్ళు, వంగిపోయిన కాళ్ళు చూసినవాళ్ళే అందరూ. వాళ్ళకు మీ పదార్థం ఏం చేస్తుందో, ఇదివరకు ఉన్న పద్ధతుల కంటే ఎక్కడ మెరుగో, ఇంకా ఎక్కడ చేతకావడం లేదో చెప్పి చూడండి. తెలుగులోనే తడబడితే తేడా ఇంగ్లీషులో లేదని తెలిసిపోతుంది, మీరు చెప్పాల్సిన విషయమే ఇంకా తేలలేదన్నమాట. ఇలా తేలకుండానే స్లైడ్లు తయారు చేసుకునేవాళ్ళు కొల్లలు, ప్రొఫెసర్లు కూడా. తెలుగులో ఒక్క వాక్యంలోకి వచ్చాక దాన్ని ఇంగ్లీషులో రాసి గోడకు అంటించుకోండి. ‘అవర్ మెటీరియల్ బ్రింగ్స్ ఫ్లోరైడ్ ఇన్ రియల్ గ్రౌండ్‌వాటర్ బిలో ది సేఫ్ లిమిట్, అండ్ ఇట్ కెన్ బి యూజ్డ్ అగైన్’ లాంటిది ఏదో ఒకటి. మీ ఫలితాలు ఎంతవరకు ఒప్పుకుంటాయో అంతే రాయండి. ప్రతి స్లైడూ ఆ వాక్యానికి సాయం చేయాలి, చేయకపోతే తీసేయండి.

ఇక మొదలుపెట్టడం. మన సెమినార్లలో ‘రెస్పెక్టెడ్ చైర్‌పర్సన్, డిగ్నిటరీస్ ఆన్ ది డయాస్, గుడ్ మార్నింగ్ టు వన్ అండ్ ఆల్ ప్రెజెంట్ హియర్, మైసెల్ఫ్ ఫలానా’ అని అర నిమిషం తినేస్తాం, తర్వాత టైటిల్‌ను అక్షరం పొల్లుపోకుండా చదువుతాం, తర్వాత ఇంట్రడక్షన్, మెటీరియల్స్, రిజల్ట్స్, కన్‌క్లూజన్ అని విషయసూచిక స్లైడు చూపిస్తాం, అసలు సంగతి మొదలయ్యేసరికి రెండు నిమిషాలు పోతాయి. దీనికి ఒక కారణం ఉంది లెండి. యూజీసీ 2016 నిబంధనల ప్రకారం థీసిస్ సమర్పించేలోగా సదస్సుల్లో రెండు ప్రెజెంటేషన్లు ఇవ్వాల్సి ఉండేది, అందుకని సర్టిఫికెట్ కోసమే నడిచే సెమినార్లు పుట్టుకొచ్చాయి, మాట్లాడేవాళ్ళకూ వినేవాళ్ళకూ తొందరే. 2022 నిబంధనల్లో ఆ షరతు తీసేశారు గానీ అలవాటు పోలేదు. విదేశీ సదస్సులో మీ పేరు, టైటిల్ చైర్, అంటే సెషన్ నడిపేవారు, చెప్పేస్తారు, మీరు ‘థాంక్యూ’ అని నేరుగా విషయంలోకి దిగొచ్చు.

మీకైతే ఎవరికీ లేని ఒక ఆరంభం ఉంది. పటిక, సున్నం కలిపి నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ తయారు చేసింది, దాని పేరే నల్గొండ టెక్నిక్. ఫ్లోరైడ్ మీద పనిచేసే ఆఫ్రికా వాళ్ళకూ ఐరోపా వాళ్ళకూ ఆ పేరు తెలుసు, టాంజానియాలో కూడా వాడి చూశారు. మీరు లేచి ‘ఐ కమ్ ఫ్రమ్ నల్గొండ. సమ్ ఆఫ్ యు నో దిస్ నేమ్, బికాజ్ ఎ మెథడ్ ఫర్ రిమూవింగ్ ఫ్లోరైడ్ ఈజ్ నేమ్డ్ ఆఫ్టర్ మై డిస్ట్రిక్ట్’ అన్నారనుకోండి, ఫోన్లలో ఉన్న తలలు కూడా పైకి లేస్తాయి. ఆ వెంటనే దాని ఇబ్బందులేమిటో చెప్పండి, పటిక ఎక్కువ పోయాలి, బురద ఎక్కువ మిగులుతుంది, నీళ్ళలో అల్యూమినియం మిగిలిపోయే భయం. అక్కడి నుంచి మీ పదార్థంలోకి రావడం ఒక అడుగే. ఈ మొదటి నాలుగైదు వాక్యాలు, చివరి రెండు వాక్యాలు మాత్రం బట్టీపట్టండి, నిద్రలో లేపి అడిగినా రావాలి. మధ్యలోది బట్టీ వద్దు.

స్లైడ్ల గురించి నాకు గట్టి అభిప్రాయం ఒకటుంది. పైన ‘రిజల్ట్స్ అండ్ డిస్కషన్’ అని హెడ్డింగ్ పెట్టడం మానేసి, ఆ స్లైడులో మీరు చెప్పదలచుకున్న వాక్యాన్నే హెడ్డింగ్‌గా పెట్టండి. ‘మోస్ట్ ఫ్లోరైడ్ ఈజ్ రిమూవ్డ్ ఇన్ ది ఫస్ట్ 20 మినిట్స్’ అని పూర్తి వాక్యం, కింద ఆ సంగతి చూపించే ఒక్క గ్రాఫు, అంతే. ఇంగ్లీషు విషయంలో భయం ఉన్నవాళ్ళకు ఇది రెండు విధాలా మంచిది. మాట మర్చిపోతే తల తిప్పి హెడ్డింగ్ చూసుకుంటే చాలు, కథ మళ్ళీ చేతికొస్తుంది. రెండోది, మీ ఉచ్చారణ ఎవరికైనా అంతుపట్టకపోయినా తెర మీద చదువుకుంటారు. పేరాలు పేరాలు అంటించిన స్లైడ్లు పెడితే మీరూ చదువుతారు, వాళ్ళూ చదువుతారు, ఎవరూ వినరు. గ్రాఫును ఎక్సెల్‌లోంచి ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టకండి, అక్షాల మీది అంకెలు చివరి వరుసలోవాళ్ళకు కనపడాలి. ఎరుపు గీత, ఆకుపచ్చ గీత పక్కపక్కన వద్దు, ఐరోపా సంతతి మగవాళ్ళలో దాదాపు 8 శాతం మందికి ఆ రెండు రంగుల్లో తేడా సరిగా తెలియదు.

గ్రాఫు దగ్గర మనవాళ్ళు చేసే పని ‘యాజ్ యు కెన్ సీ’ అనేసి తర్వాత స్లైడుకు వెళ్ళిపోవడం. వాళ్ళకేమీ కనపడదు, ఆ గ్రాఫుతో నాలుగేళ్ళు కాపురం చేసింది మీరు, వాళ్ళు కాదు. ముందు అక్షాలు చెప్పండి, తర్వాత గీత ఎటు పోతోందో, ఆ తర్వాత దానర్థం ఏమిటో. ‘ది ఎక్స్ యాక్సిస్ ఈజ్ టైమ్ ఇన్ మినిట్స్. ది వై యాక్సిస్ ఈజ్ ది ఫ్లోరైడ్ లెఫ్ట్ ఇన్ ది వాటర్. ది లైన్ డ్రాప్స్ ఫాస్ట్, దెన్ ఇట్ గోస్ ఫ్లాట్. సో వి డు నాట్ నీడ్ టు వెయిట్ లాంగర్ దాన్ దిస్.’ ఇందులో పదో తరగతి దాటిన ఇంగ్లీషు ఏదైనా ఉందా? ఈ నాలుగు వాక్యాల మూసలోకి మీ గ్రాఫులన్నీ దింపొచ్చు. ఒకే మూస పదే పదే వాడితే బోర్ కొడుతుందేమో అనుకోకండి, వినేవాళ్ళకు అది సుఖం. ఇంకోమాట, పరిమితి చెప్పేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు అంటుందని చెప్పండి, అక్కడ కూర్చున్నవాళ్ళకు తెలిసిన అంకె అది. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 1 మిల్లీగ్రాము, వేరే నీటి దారి లేకపోతేనే 1.5 దాకా అనేది అదనపు స్లైడులో ఉంచుకోండి. జనాభా చెప్పాల్సి వస్తే లక్షలు, కోట్లు వద్దు, ‘హండ్రెడ్ థౌజండ్’, ‘మిలియన్’ అనాలి.

ఉచ్చారణ దగ్గరికొద్దాం, మీ భయంలో ఎక్కువ భాగం ఇదేనని నా అనుమానం. యాస మార్చుకోవద్దు. అక్కడ చైనావాళ్ళు, బ్రెజిల్ వాళ్ళు, ఇటలీ వాళ్ళు అందరూ ఎవరి యాసలో వాళ్ళు మాట్లాడతారు. అమెరికా యాస తెచ్చిపెట్టుకుంటే అరగంటలో అలిసిపోతారు, అర్థమూ కాదు. సరిచేసుకోవాల్సింది ఒక ఇరవై మాటలు, మీ సబ్జెక్టులో నిమిషానికోసారి వచ్చేవి. మనం ‘పారామీటర్’ అంటూ ‘పారా’ మీద బరువు (స్ట్రెస్) వేస్తాం, వాళ్ళు బరువు ‘ర్యా’ మీద వేసి ‘ప-ర్యా-మి-టర్’ అంటారు. ‘డిటర్మిన్’ను మనం ‘డిటర్మైన్’ చేస్తాం. ‘ఎనాలసిస్’లో బరువు రెండో అక్షరం మీద, ‘ఎనలిటికల్’ అనగానే అది మూడో అక్షరం మీదికి జరుగుతుంది. ‘అడ్సార్ప్‌షన్’, ‘హైపాథెసిస్’ రెంటిలోనూ బరువు రెండో అక్షరం మీదే. తెలుగులో అన్ని అక్షరాలకూ దాదాపు సమానంగా బరువిస్తాం కాబట్టి మనకిది పెద్ద విషయంగా తోచదు, వాళ్ళ చెవికి మాత్రం బరువు తప్పితే మాటే మారిపోతుంది. ఇంకొకటి, మాట చివర ‘ఉ’ చేర్చడం, ‘గ్రాఫు’, ‘టెస్టు’ అని. తెలుగులో మాట్లాడేటప్పుడు అలాగే అనండి, అందమే, ఇంగ్లీషులో హల్లు దగ్గర ఆపేయండి. యూగ్లిష్ అనే సైట్లో మాట కొడితే యూట్యూబ్ వీడియోల్లో జనం ఆ మాటను పలికిన చోట్లన్నీ వరసగా వినిపిస్తుంది, కేంబ్రిడ్జి నిఘంటువు సైట్లోనూ బొత్తం నొక్కితే వినొచ్చు. మీ ఇరవై మాటలు కాగితం మీద రాసుకుని, బరువు పడే అక్షరం కింద గీత గీసి, బస్సులో పోతూ వస్తూ పలకండి. పక్కవాళ్ళు ఏమనుకున్నా ఫర్వాలేదు.

వేగం గురించి ఒక లెక్క. నిమిషానికి 110 మాటల చొప్పున నిదానంగా మాట్లాడితే 12 నిమిషాలకు 1320 మాటలు. మీరు 1200 దగ్గర ఆపేయండి, ఊపిరి తీసుకోవడానికీ గ్రాఫు చూపించడానికీ సమయం ఉంటుంది. తెలుగు మనం గడగడా మాట్లాడతాం, భయం వేస్తే ఇంగ్లీషునూ అదే స్పీడులో లాగించేస్తాం, దాంతో మామూలుగా అర్థమయ్యే మాటలు కూడా అర్థం కాకుండా పోతాయి. ఒక ఆలోచన అయిపోయాక ఆగండి. మౌనం మీకు యుగంలా అనిపిస్తుంది, వాళ్ళకు అది గుటక వేసేంత సేపే.

ప్రాక్టీసు కూర్చుని, మనసులో చదువుకుంటూ చేస్తే లెక్కలోకి రాదు. నిలబడి, పెద్దగా, ఫోన్‌లో రికార్డు చేస్తూ. ప్రతిసారీ మాటలు కాస్త మారాలి, అదే కావాల్సింది. స్లైడు హెడ్డింగ్ మాత్రమే చూసి ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా చెప్పగలిగితే ఇక మర్చిపోవడం అనేదే ఉండదు. మీ రికార్డింగ్ వినడం నరకంగా ఉంటుంది, అందరికీ అంతే, అయినా వినండి. ‘బేసిక్‌గా’, ‘యాక్చువల్లీ’, ‘సో’ ఎన్నిసార్లు అన్నారో అప్పుడు తెలుస్తుంది. ఒకసారి మీ ల్యాబ్ వాళ్ళ ముందు, ఒకసారి సంబంధం లేని డిపార్ట్‌మెంట్ వాళ్ళ ముందు చెప్పండి, చరిత్ర చదివే హాస్టల్ స్నేహితురాలికి సగం అర్థమైతే మీరు గెలిచినట్టే. మూడు నిమిషాల్లో ఒక్క స్లైడుతో థీసిస్ మొత్తం చెప్పే పోటీని 2008లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం మొదలుపెట్టింది, ఇప్పుడు చాలా దేశాల్లో జరుగుతోంది. ‘త్రీ మినిట్ థీసిస్’ అని వెతికితే వీడియోలు బోలెడు వస్తాయి. వాటిలో ఇంగ్లీషు ఎంత తేలికగా ఉంటుందో గమనించండి. ఆ నాటకీయత మాత్రం మీకక్కర్లేదు.

ఇప్పుడు ఆ 3 నిమిషాలు. అర్థం కాని ప్రశ్నకు ‘యెస్ సర్’ అన్నారన్నారు చూశారా, 12 నిమిషాల్లో మర్చిపోయిన వాక్యం కంటే నన్ను కలవరపెట్టింది అది. ఆయన అడిగింది ‘మీ పదార్థంలోంచి అల్యూమినియం నీళ్ళలోకి దిగుతోందా’ అనే ప్రశ్న అయితే? మీరు ఔనన్నట్టే కదా! మనకు చిన్నప్పటి నుంచి మాస్టారు అడిగితే తలూపడం అలవాటు. మన తల ఊపు విదేశీయులకు ఔనో కాదో కూడా తెలియదు. అర్థం కాకపోతే ‘సారీ, కుడ్ యు సే దట్ అగైన్, ఎ లిటిల్ స్లోలీ?’ అనండి. ఇది అవమానమేమీ కాదు, ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్ళు కూడా అడుగుతారు, హాల్లో మైకులు అంత బాగా ఏడుస్తాయి మరి. రెండోసారి కూడా సగమే అందితే, అందిన సగాన్ని మీ మాటల్లో పెట్టి అప్పజెప్పండి, ‘ఆర్ యు ఆస్కింగ్ ఎబౌట్ ది ఎఫెక్ట్ ఆఫ్ పీహెచ్?’ అని. తప్పయితే ఆయనే సరిదిద్దుతారు, ఈలోగా మీకు ఆలోచించుకునే సమయం దొరుకుతుంది. మూడోసారీ అందకపోతే ‘ఐ వుడ్ లైక్ టు డిస్కస్ దిస్ విత్ యు ఆఫ్టర్ ది సెషన్’ అని తేల్చేసి, టీ బ్రేక్‌లో నిజంగానే వెళ్ళి కలవండి. అక్కడ కాగితం మీద బొమ్మ గీసుకుని మాట్లాడుకోవచ్చు, అసలు పరిచయాలు అక్కడే అవుతాయి.

నిజానికి మీ రంగంలో వచ్చే ప్రశ్నలు ముందే తెలుసు, కూర్చుని రాస్తే ఒక్క పేజీలో అయిపోతాయి. ల్యాబ్‌లో కలిపిన నీళ్ళా, నిజం బావి నీళ్ళా? ఏ పీహెచ్ దగ్గర బాగా పనిచేస్తుంది, మామూలు నీళ్ళ పీహెచ్ దగ్గర ఎంత తగ్గుతుంది? ఫాస్ఫేట్, బైకార్బొనేట్ లాంటివి పోటీకొస్తే? ఎన్నిసార్లు శుభ్రం చేసి మళ్ళీ వాడొచ్చు? వాడేశాక ఫ్లోరైడ్ నిండిన ఆ పదార్థాన్ని ఎక్కడ పారేస్తారు? ఖర్చెంత? పదార్థం ఎంత ఫ్లోరైడ్ పట్టుకుంటుందో లెక్కకట్టడానికి లాంగ్మ్యూర్ మోడలే ఎందుకు వాడారు? ఫ్లోరైడ్ తీయడానికి ఇప్పటికే వాడుతున్న యాక్టివేటెడ్ అల్యూమినా ఉండగా మీది దేనికి? వీటిలో ప్రతిదానికీ రెండు వాక్యాల జవాబు రాసుకుని, అంకెలు కావాల్సిన వాటికి ఒక్కో స్లైడు చేసి ఆఖరి స్లైడు తర్వాత దాచండి. పవర్‌పాయింట్ నడుస్తుండగా స్లైడు నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా అక్కడికి పోతుంది, ఆ నంబర్లు అరచేతిలో రాసుకున్నా తప్పులేదు. చేయని ప్రయోగం గురించి అడిగితే ‘వి హావ్ నాట్ టెస్టెడ్ దట్ యెట్’ అని ఊరుకోండి. దాని వెనక క్షమాపణలు, గైడ్ చెప్పలేదు, కెమికల్ రాలేదు లాంటి సంజాయిషీలు వద్దు.

నవ్వుతారేమో అన్నారు. వినడానికి వచ్చినవాళ్ళలో సగం మంది తమ వంతు ఎలా గడుస్తుందా అని కంగారు పడుతూ కూర్చుంటారు, మిగతా సగం మందికి మీ పని మీద ఆసక్తి ఉంటుంది, లేదా మధ్యాహ్న భోజనం మీద. వ్యాకరణం లెక్కపెట్టేవాడు ఎప్పుడైనా ఒకడు తగలొచ్చు, ‘ఇట్ రిమూవ్’ అన్నారా ‘ఇట్ రిమూవ్స్’ అన్నారా అని, వాడి కోసం మీరు అంత దూరం వెళ్ళడం లేదు. మధ్యలో తప్పు దొర్లితే వెనక్కి వెళ్ళి సరిదిద్దకండి, అంకె తప్పు చెబితే మాత్రం ఆగి ‘సారీ, వన్ పాయింట్ ఫైవ్, నాట్ ఫిఫ్టీన్’ అని దిద్దండి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఈ రెండూ ఎలాగూ అందరికీ కలిసిపోతాయి కాబట్టి ముఖ్యమైన అంకెలన్నీ తెర మీద ఉండాలి.

కోర్సు సంగతి తిరిగొచ్చాక ఆలోచించండి. అప్పటికీ డబ్బు కట్టేకంటే మీ డిపార్ట్‌మెంట్‌లో వారానికోసారి ఒక పేపర్ తీసుకుని పది నిమిషాలు ఇంగ్లీషులో చెప్పుకునే గుంపు ఒకటి పెట్టుకోవడం మేలు, మీలాంటి తెలుగు మీడియం వాళ్ళు ఇంకో నలుగురైనా అక్కడ ఉంటారు, నోరు విప్పక తెలియట్లేదంతే.

వెళ్ళేలోగా ఇంకొక్క పని. సదస్సుల్లో ముందువాళ్ళు టైమ్ మింగేయడం, చైర్ మీ దగ్గరికొచ్చి ‘కెన్ యు ఫినిష్ ఇన్ ఎయిట్ మినిట్స్?’ అనడం మామూలే. అప్పుడు కంగారులో అన్ని స్లైడ్లనూ రెట్టింపు స్పీడులో తిప్పేస్తారు చాలామంది. ఏ మూడు స్లైడ్లు వదిలేయాలో ఇప్పుడే తేల్చుకోండి, నా మాట వింటే పదార్థం ఎలా తయారు చేశారనేది, దాని స్ఫటిక నిర్మాణం చూపించే ఎక్స్‌ఆర్‌డీ గ్రాఫు, ఎంత ఫ్లోరైడ్ పట్టుకుంటుందో చూపే ఐసోథెర్మ్ పట్టిక వదిలేయొచ్చు, అడిగితే చూపిస్తారు. బావి నీళ్ళ ఫలితం మాత్రం వదలొద్దు. ఒక రిహార్సల్ అచ్చంగా ఎనిమిది నిమిషాల్లో చేసి చూసుకోండి, చివర ‘థాంక్యూ’ అని పెద్ద అక్షరాల స్లైడు పెట్టకుండా మీ ఫలితాల స్లైడునే తెర మీద ఉంచేయండి, ప్రశ్నలు అడిగే ఆ 3 నిమిషాలూ అందరూ దాన్నే చూస్తూ ఉంటారు.